గుండ్రటి మైదానానికి ఈశాన్యం మూల

వాన వెలిసిన కాసేపటికే మ్యాచ్ మళ్ళీ మొదలైతే టీవీ ముందున్న మీరు ఆటగాళ్ళను మెచ్చుకుంటారు. నేను గడ్డి కిందున్న కాలవలను మెచ్చుకుంటాను. ఉద్యోగమంతా ఈ నగరంలోని ఒక పెద్ద క్రికెట్ మైదానంలో గడిపినవాణ్ణి. మొదట రోలర్ లాగాను, తర్వాత గడ్డి చూశాను, ఆఖరికి గ్రౌండ్ సూపర్‌వైజర్‌నై గొడుగు కింద నిలబడి అందరినీ తిట్టాను. కామాటిపురలో, తెలుగువాళ్ళం వరస గదుల్లో కాపురముండే మా చాల్‌లో, పిల్లలు ఇప్పటికీ, కాకా, ఫలానా ఆటగాణ్ణి దగ్గర్నుంచి చూశావా అని అడుగుతుంటారు. చూశాను. మొహంకన్నా బూట్ల మేకులను ఎక్కువ చూశాను. అవి పిచ్ మీద ఎక్కడ గుచ్చుకుంటున్నాయో కనిపెట్టడమే నాకిచ్చిన పని.

ప్రపంచ పోటీలో ఒక మ్యాచ్ మా మైదానానికి వచ్చినప్పటి సంగతి చెబుతాను. అందులో ఎవరు గెలిచారో మీరు వెతుక్కుంటే దొరుకుతుంది. నేను చెప్పేది ఎక్కడా దొరకదు.

ముందు ఈ వ్యాపారం ఎలా మారిందో కాస్త తెలియాలి. నేను చేరిన కొత్తలో పరాయి దేశపు జట్టు వస్తే ఇంటికి చుట్టం వచ్చినట్టుండేది. మైదానం మాది, టికెట్ల ఆదాయం మాది, టీ మాది. బౌండరీ దగ్గర రేకు బోర్డుల మీద కంపెనీల పేర్లు రాసే పెయింటర్ మా పక్క గల్లీవాడు. ఆట మధ్యలో వచ్చి అక్షరాలకు రంగు సరిచేసి పోయేవాడు. తర్వాత టీవీ వచ్చింది. మైదానానికి వచ్చేవాళ్ళకన్నా రానివాళ్ళ వల్లే ఎక్కువ ఆదాయమని పెద్దలకు తెలిసిపోయింది. ఇక అప్పటినుంచి వచ్చినవాళ్ళను పట్టించుకునే నాథుడు లేడు.

ప్రపంచ పోటీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది చుట్టపుచూపు కాదు, మగపెళ్ళివారి విడిది. వాళ్ళ బోర్డులు, వాళ్ళ కాపలా, వాళ్ళ కూల్‌డ్రింకులు. పందిరి ఖర్చు మాత్రం మనది. వాళ్ళకు డబ్బిచ్చిన కంపెనీల పేర్లు తప్ప మైదానంలో మరో పేరు కనిపించకూడదని షరతు. ఫ్రిజ్ మీద పేరుకు తెల్ల టేపు అంటించాం. ఫ్యాన్లకు అంటించాం. ఆఖరికి మరుగుదొడ్లలో పింగాణీ బేసిన్ల మీద చీమ తలకాయంత అక్షరాలుంటే వాటికీ అంటించాం. టీవీ హక్కుల డబ్బు ముందు ప్రపంచ క్రికెట్ సంస్థకు పోతుంది, అక్కడినుంచి దేశాల బోర్డులకు, అక్కడినుంచి కిందికి. కాలవ నీళ్ళు పై చేలన్నీ తడిసి కిందికి వచ్చినట్టు వస్తుంది. మా మడి చిట్టచివరిది.

అయినా ప్రతి నగరమూ మాకు కావాలంటే మాకు కావాలని ఎగబడుతుంది. ఎందుకని మా మైదానాన్ని నడిపే క్రికెట్ సంఘం సెక్రటరీని ఒకసారి అడిగాను. ఆయన మరాఠీ పెద్దమనిషి, ఆటంటే నిజంగా ప్రాణం. "మనకు రాకపోతే పక్క రాష్ట్రంలో కట్టిన కొత్త స్టేడియానికి పోతుంది. లాభం మాట దేవుడెరుగు, వాళ్ళకు పోకుండా ఉంటే చాలు" అన్నాడు. ఆటలకోసం ఊళ్ళకు ఊళ్ళు కట్టి, ఆటలయ్యాక తాళాలేసుకున్న దేశాల గురించి పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

మా మైదానంలో నీళ్ళు త్వరగా ఇంకవని ప్రపంచ సంస్థవాళ్ళు తేల్చారు. మొత్తం తవ్వి, కింద గొట్టాలు వేసి, కంకర, ఇసుక పరిచి మళ్ళీ కప్పాలి. సెక్రటరీ అప్పు తెచ్చాడు. కాంట్రాక్టర్ ఒకడు దొరికాడు. వాడు కామాటిపుర నాకా మీదికి వచ్చి పాలమూరు ముఠాను మాట్లాడుకుపోయాడు. నాకా అంటే పొద్దున్నే పలుగూ పారా పట్టుకుని కూలీలు నిలబడే కూడలి. ఎవరో వచ్చి నువ్వు, నువ్వు, నువ్వు అని వేలు చూపిస్తే ఆ రోజు పని ఉన్నట్టు. వేలు చూపించకపోతే మధ్యాహ్నం దాకా నిలబడి ఇంటికి పోవడమే.

ఆ ముఠాకు పెద్ద ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. మా గల్లీలోనే ఒక గదిలో కొడుకు, కోడలు, మనవలతో ఉండేది. కొడుకు పరంజా మీదినుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాక ఇల్లు నడిపేది అత్తాకోడళ్ళే. కోడలు ఇక్కడే పుట్టి మరాఠీ బళ్ళో చదువుకున్న పిల్ల. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. నేను ఆ పెద్దామెను చెల్లె అనేవాణ్ణి, ఆమె నన్ను అన్నా అనేది. ముఠా మొత్తం ఆమె కంటిచూపుతో నడిచేది. నేను గొంతు చించుకున్నా కదలనివాళ్ళు ఆమె కొంగు బిగించిందంటే లేచేవారు. నాకు కాస్త మంటగానే ఉండేది.

వానాకాలం మధ్యలో కాంట్రాక్టర్ ఫోన్ కట్టేసుకుని మాయమయ్యాడు. సగం మైదానం బొందలగడ్డలా తవ్వి ఉంది. సెక్రటరీకి తల ప్రాణం తోకకొచ్చింది. ముఠా కూడా వెళ్ళిపోతే ప్రపంచ పోటీ పక్క రాష్ట్రానికే. ఆయన స్వయంగా గట్టు మీద నిలబడి పెద్దామెతో మరాఠీలో ఒక మాట అన్నాడు. దాన్ని నేను తెలుగులో చెప్పాను. అనుకున్న సమయానికి పూర్తి చేయిస్తే పోటీ అయ్యాక ఆమెనూ, కోడలినీ గ్రౌండ్ స్టాఫ్‌లో పర్మనెంట్ చేస్తామని.

మా మైదానంలో అంతవరకూ ఆడవాళ్ళు స్టాఫ్‌లో లేరు. ఆమె నన్నే చూస్తూ అడిగింది. "పర్మనెంట్ అంటే, నాకా మీద నిలవడేది ఉండదా?"

"ఉండదు. నెలజీతం."

"రోజూ గీ గేటుకాడికే వచ్చుడా? ఎవ్వడు వేలు చూపిస్తడో అని చూసేది లేదా?"

"లేదు చెల్లె."

ఆమె కొంగు బిగించింది. ఆ సాయంత్రానికి గల్లీ గల్లీకీ తెలిసింది. పాలు పోసేవాడు కూడా కోడల్ని, సర్కారీ బాయీ అని ఏడిపించడం మొదలుపెట్టాడు. సర్కారీ ఏంకాదని నేను చెప్పబోతే ఆ పిల్ల నవ్వి, "ఉండనీ కాకా, వినడానికి అచ్ఛా ఉంది" అంది. ఆ రోజుల్లో ఆ గదినుంచి నవ్వులు మా వరండా దాకా వినిపించేవి. పని మాత్రం రాక్షసంగా చేశారు. వానలో గోతుల్లో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి గొట్టాలు పరిచారు. గడువు కన్నా ముందే ఆఖరి కాలవ పూడ్చారు.

ఇక్కడొక ఆచారం చెప్పాలి. పాలమూరు మట్టిపనివాళ్ళు ఎక్కడ భూమి తవ్వి మూసినా, చివర్న ముఠా పెద్ద ఒక చెంబులో నీళ్ళు తెచ్చి అందులో పసుపు, బెల్లం, వేపరెమ్మ వేసి ఆ భూమి మీద ధారగా పోస్తుంది. దాన్ని సాక అంటారు. పొడిచి పొడిచి వేడెక్కించిన భూమిని చల్లబరచడమన్నమాట. అది పోయకపోతే పని అయినట్టు కాదు. తర్వాత ఆ చోట తిరిగేవాళ్ళకు కాలో చెయ్యో విరుగుతుందని వాళ్ళ నమ్మకం. ఈ నగరంలో ఎన్నో పెద్ద భవనాల పునాదుల కింద ఆ పసుపు నీళ్ళున్నాయి. లోపల ఉండేవాళ్ళకు తెలియదు. ఇళ్ళకైతే ఈశాన్యం మూల చూసుకుని పోస్తారు.

ఆఖరి కాలవ పూడ్చిన మర్నాడు ప్రపంచ సంస్థ పంపిన పిచ్ సలహాదారు వచ్చాడు. తెల్లవాడు, పొడుగ్గా, వెడల్పు టోపీతో. మంచి పనిమంతుడు, మాటలు తక్కువ. సెక్రటరీ, నేను ఆయన వెంట మైదానం మధ్యకు నడిచాం. మధ్యలో పక్కపక్కనే కొన్ని పిచ్‌లుంటాయి, వాటిలో నడిమిది ఈ మ్యాచ్‌కు. చుట్టూ తాడు కట్టి ఉంటుంది. నడిమి పిచ్ మీద, సరిగ్గా బంతి పడే చోట, విస్తరాకంత పసుపు మరక. దాని అంచున వేపాకులు. అక్కడికి ఎక్కడినుంచో చీమలు బారుకట్టి వస్తున్నాయి.

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేలితో అద్ది వాసన చూశాడు. తర్వాత నాలుకకు రాసుకున్నాడు. "షుగర్" అన్నాడు, ఎవరినీ తప్పుపట్టని గొంతుతో.

నాకు వాసన అంతకుముందే తగిలింది. బోనాల రోజు మా గల్లీ అంతా ఉండే వాసన. నేను సెక్రటరీ మొహం చూశాను, ఆయన నా మొహం చూశాడు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. పిచ్‌ను ఎవరైనా కావాలని పాడుచేశారని తేలితే మ్యాచ్ తరలిపోతుంది. తరలిపోవడానికి పక్క రాష్ట్రం నోరు తెరుచుకుని కూర్చుంది. అప్పు మాత్రం మాకు మిగులుతుంది.

వాచ్‌మన్‌ను పిలిపించాం. వాడూ మా గల్లీవాడే. నీళ్ళు నమలకుండా చెప్పేశాడు. "నిన్న మాపటీలి పెద్దమ్మ వచ్చి సాక పోసింది. నేను గూడ చెప్పులిడిచి దండం పెట్టుకున్న" అన్నాడు. 

సెక్రటరీ నన్ను పక్కకు లాగాడు. "పూజ చేశారని ఈయన రాశాడంటే ప్రపంచమంతా నవ్వుతుంది, చేతబడి అని పేపర్లలో వేస్తారు. ఆమెను పిలువు. పనివాళ్ళు తాగుతున్న టీ పొరపాటున ఒలికిందని చెప్పమను. ఇంతటితో పోతుంది. ఆమె ఉద్యోగానికీ ఏం కాదు" అన్నాడు. సలహా చెడ్డదేం కాదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి. టీ ఒలకని మైదానం ప్రపంచంలో ఎక్కడుంది?

ఆమెను పిలిచాను. తాడు దగ్గరికి వచ్చి చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది.

"ఏంది చెల్లె ఇది, ఇక్కడ పోసినవ్?" అన్నాను.

"మరి యాడ పొయ్యాలె అన్నా? ఈశాన్యం మూల కోసం జూసిన. ఇది గుండ్రంగున్న జాగాయె, మూలనే లేదు. గందుకే నడిమిట్ల పోసిన."

"తాడు దాటొద్దని ఎన్నిసార్లు చెప్పినం?"

"చెప్పులేసుకుని దాటొద్దంటివి. నేను ఉత్త కాళ్ళతోనే పోయిన."

నిజమే, రోజూ అరిచింది చెప్పుల గురించే. సెక్రటరీ తొందరపెడుతున్నాడు. నేను టీ సంగతి ఆమెకు తగ్గు గొంతుతో చెప్పాను. చాయ్ ఒలికిందని ఒక్క మాట అను, మిగతాది మేం చూసుకుంటామన్నాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"చాయ్ ఒలికిందంటే నేను తప్పు పని జేసినట్టు గాదా?"

"తప్పు చేస్తివని ఎవరనరు. లేకుంటే నౌకరి పోతది చెల్లె. నీదీ, కోడలిదీ."

ఆమె తల తిప్పి చూసింది. కోడలు దూరంగా రోలర్ పక్కన నిలబడి మావైపే చూస్తోంది. ఆ పిల్లకు విషయం అర్థమైందని ఆమెకూ తెలుసు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మళ్ళీ సర్దుకుని, చివరికి నెమ్మదిగా అంది.

"సాక పోసి పొయ్యలేదనొద్దన్నా. అట్లంటే పొయ్యనట్టే. గీడ పిల్లలు ఉరుకుతరు. ఎవ్వని కాలన్న ఇరిగితే నేను జీతం తీసుకుని ఎట్ల తినాలె?"

తెల్లాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సెక్రటరీ ఇంగ్లీషులో టీ గురించి మొదలుపెట్టాడు కూడా. ఆమె ఆయన్ను చేత్తో వారించి, తెల్లాయన ఎదురుగా నిలబడి, చెంబు పట్టుకున్నట్టు రెండు చేతులూ పెట్టి, వంచి, ధార పోసి చూపించింది. తర్వాత వంగి భూమిని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. అనువాదం అవసరం లేకపోయింది. 

తెల్లాయన నన్ను అడిగాడు. అయిపోయిందా, ఇంకెక్కడైనా పోయాల్సి ఉందా అని. నేను ఆమెను అడిగాను. "ఒక్కపారే. మళ్ళ తవ్వితే మళ్ళ పొయ్యాలె" అంది. ఆయన తలూపి రాసుకున్నాడు.

నడిమి పిచ్ ఇక పనికిరాదు, ఆ మెత్తదనం మ్యాచ్‌నాటికి ఆరదు, పక్క పిచ్ మీద ఆడిద్దామన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అదీ మేం చక్కగా తయారుచేసి ఉంచిందే. ఇంతలో టీవీవాళ్ళ తరపు మనిషి పరుగెత్తుకొచ్చాడు. రెండు వైపులా కెమెరాలకు వేసిన మంచెలు నడిమి పిచ్‌కు సూటిగా వేశారట. పిచ్ ఒక బారెడు పక్కకు జరిగితే బౌలర్ చెయ్యి వంకరగా కనిపిస్తుందట. మంచెలు విప్పి మళ్ళీ కట్టే ఖర్చు ఎవరు పెట్టుకుంటారని పట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా అదే గోల. ఫోన్ల మీద ఫోన్లు. బంతి ఎలా పడుతుందని ఒక్కడూ అడగలేదు. కెమెరా సరిగ్గా వెనకుంటుందా అనే అందరూ అడిగారు. ఆఖరికి ఆ ఖర్చు కూడా మా సంఘం నెత్తినే పడింది. ఆట ఎవరి చేతిలో ఉందో నాకు ఉద్యోగమంతా తెలియనిది ఆ ఒక్క మధ్యాహ్నంలో తెలిసింది.

మ్యాచ్ పోలేదు. ఆమె ప్రవేశకార్డు మాత్రం పోయింది. అనుమతి లేకుండా పిచ్ మీదికి వెళ్ళినవాళ్ళకు లోపలికి వచ్చే కార్డు రద్దు చేయాలని నియమం. తెల్లాయన క్షమించమని ఆమెతో చేతులు కలిపి మరీ రద్దు చేశాడు. ఆ పోటీ అయ్యేదాకా ఆమె గేటు లోపలికి రాలేదు.

మ్యాచ్ రోజు ఉన్నట్టుండి పెద్ద వాన కొట్టింది. వెలిసిన కాసేపటికి మైదానంలో బొట్టు నీరు లేదు. ఆడేవాళ్ళలో ఒక్కరికీ గోరు కూడా ఊడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మా గల్లీలో టీవీ చూస్తున్న ఎవడో, చూడండి మన పెద్దమ్మ తవ్విన కాలవలు అని అరిచాడట. కోడలు లేచి లోపలికి వెళ్ళిపోయిందట. ఇది నా భార్య చెప్పింది.

పోటీ ముగిసింది. మగపెళ్ళివారు విడిది ఖాళీ చేసి వేరే దేశానికి వెళ్ళారు. మేం టేపులు పీక్కుంటూ కూర్చున్నాం. కొన్నాళ్ళు చూసి నేను ఉద్యోగాల మాటెత్తాను. సెక్రటరీ మొహం పక్కకు తిప్పుకుని, "కార్డు రద్దయిన మనిషిని ఎలా తీసుకుంటాం?" అన్నాడు. అత్త తప్పుకు కోడల్నీ వదిలేశారు. నేను వెళ్ళి ఆ మాట అలాగే చెప్పాను. పెద్దామె విని, "గంతే గదా. నేనే పోగొట్టుకున్న" అంది. గొంతు కూడా మారలేదు. 

కోడలు మాత్రం ఊరుకోలేదు. "అత్తా, ఏక్ చెంబు పానీలో నా పిల్లల నసీబ్ కొట్టుకపోయింది" అని వరండాలోనే అందరూ వినేలా అనేసింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే గదిలో ఉంటూ మాటలు మానేశారు. ఒకే నాకా మీద, అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు నిలబడేవారు. కూలీలను ఎక్కించుకుపోయే టెంపోలో ఇద్దరికీ చోటున్నా ఒకరే ఎక్కేవారు. గల్లీ పెద్దలు, దాదర్‌నుంచి వచ్చిన తెలుగు సంఘం వాళ్ళు కూడా సర్ది చెప్పి చూశారు. కోడలు వినలేదు. అత్త తన తరపున ఒక్క మాట కూడా చెప్పుకోలేదు.

నేను రిటైరైన రోజు సంఘం ఆఫీసులో సమోసాలు తెప్పించి శాలువా కప్పారు. సెక్రటరీ అప్పటికి పదవినుంచి దిగిపోయాడు, అయినా నాకోసం వచ్చాడు. పాత సంగతులు దొర్లాయి. నేను ఆ అత్తాకోడళ్ళ గురించి అన్నాను. ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు.

"ఆ ఉద్యోగాలు ఎప్పుడు ఉన్నాయని పోవడానికి? సంఘం కమిటీ వానాకాలంలోనే కాదంది. కాలవలకే అప్పు సరిపోలేదు, కొత్త జీతాలెక్కడినుంచి తెస్తాం? ముఠా వెళ్ళిపోతుందన్న భయంతో ఆ సంగతి నేను ఆమెకు చెప్పలేదు. తర్వాత కార్డు రద్దయింది, కారణం దానంతటదే దొరికింది" అన్నాడు. అని, "అప్పుడు మ్యాచ్ నిలబెట్టడమే నాకు కనిపించింది" అని తల దించుకున్నాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. శాలువా భుజం మీద ఉండగా మనిషిని తిట్టడం కుదరదు. 

ఇంటికొచ్చే దారంతా నాకు హుషారుగానే ఉంది. ఆమె తప్పేమీ లేదని తెలిసింది కదా, చెబితే అత్తాకోడళ్ళు కలుస్తారు, ఆమె గుండె మీద బండ దిగుతుంది అనుకున్నాను. రిటైరైన మనిషికి పుణ్యం మీదికి మనసు పోతుంది. మర్నాడు పొద్దున్నే నాకా మీదికి వెళ్ళాను. అటు చివరనుంచి కోడల్ని కూడా పిలిచి, ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, సెక్రటరీ అన్నదంతా చెప్పాను. "నీ సాక వల్ల పోలేదు చెల్లె. ఆ నౌకరి ముందునుంచే లేదు" అన్నాను.

కోడలు మొహం కందగడ్డ అయింది. "మరి ఇన్నిరోజులు నేను అత్తను..." అని ఆగిపోయింది. ఇంతలో టెంపో వచ్చింది. మేస్త్రీ ఇద్దరు ఆడవాళ్ళు కావాలని వేలు చూపించాడు. కోడలు ముందెక్కి, వెనక్కి తిరిగి అత్తకు చెయ్యి చాచింది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. ఒక కాలు టెంపో మీద పెట్టి, ఒక కాలు రోడ్డు మీదే ఉంచి నావైపు తిరిగింది.

"అన్నా, నువ్వు మంచికే చెప్పినవ్. కని ఇన్నొద్దులు నాకొక నౌకరుండె, నా చేతులార పోగొట్టుకున్న అనుకుంట తిరిగిన. ఏడ్చినా, అది నాదే అని ఏడ్చిన. ఇప్పుడొచ్చి అదిగూడ లేకుండె అంటివి."

మేస్త్రీ తొందర చేస్తే ఎక్కి కూర్చుంది.